చిన్న జెముడు – మా అనుభవము

కళాశాల వార్షిక సంచికకు వ్యాసము వ్రాయుడని అడిగినపుడు విద్యార్థులు సాధారణముగా గొప్ప విషయములనే ఎన్నుకొందురు. విద్యావిధానము, దేశసమైక్యత, విజ్ఞానశాస్త్ర ప్రగతి మొదలగు వానిపై మాకంటె చక్కగా వ్రాయగలవారు ఈ కళాశాలలో పలువురు కలరు. మేము ఎన్నుకొన్నది నిమ్మకాయంత పరిమాణము కూడ లేని ఒక జెముడు మొక్క. దానిని మేము ప్రాణప్రదముగా పెంచితిమని చెప్పుకొనుటకు వీలులేదు. చంపబోయి, పూర్తిగా చంపకుండ బయటపడితిమని చెప్పుటయే సత్యము. ఆ పొరపాటును దాచుకొనుటకంటె వ్రాసిపెట్టుట మా వెనుక వచ్చు తరగతుల వారికి మేలని తలచి, మూడవ సంవత్సరపు వృక్షశాస్త్ర విద్యార్థులమైన మేము ముగ్గురము కలిసి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా వృక్షశాస్త్ర ప్రయోగశాలలో ముప్పది ఏండ్లకు పైగా సహాయకుడుగా పనిచేసి నిరుడు పదవీ విరమణ చేసిన పెద్దాయనను ఉర్దూ మాధ్యమము వారు, తెలుగు మాధ్యమము వారు అను భేదము లేక అందరమును ‘చాచా’ అని పిలుచుచుంటిమి. చివరి దినమున సన్మానసభ ముగిసి, పూలదండ తీసి బల్లపై పెట్టి, ఆయన ప్రయోగశాలలోనికి వెళ్ళెను. సూక్ష్మదర్శినుల బీరువా వెనుక కిటికీలో నుండి ఒక చిన్న మట్టికుండీ తెచ్చి మా చేతులలో పెట్టెను.

“బేటా, ఇది కాలేజీ సొత్తు కాదు, నా డబ్బులతో కొన్నది. మా ఇంట్లో వెలుతురు తక్కువ, అక్కడ బతకదు. మీరు చూసుకోండి. నీళ్ళు మాత్రం అడిగి పోయండి” అనెను.

“ఎవరిని అడగాలి చాచా?” అని మాలో ఒకరు నవ్వుచు అడిగిరి.

“మొక్కనే” అని ఆయన కండువా సర్దుకొని వెళ్ళిపోయెను. అది వృద్ధుల చమత్కారమని అనుకొంటిమే కాని, అందులో ఒక పాఠము కలదని మేము ఆనాడు గ్రహింపలేదు.

ఆ మొక్కను చూడనివారు మన పట్టణములలో అరుదు. కడియము మొదలుకొని ఊరూరి నర్సరీలలోను, రోడ్డు ప్రక్క మొక్కల బండ్లపైనను అది కనిపించుచుండును. మూడు పలకల ఆకుపచ్చని కాండము జానెడు కంటె తక్కువ ఎత్తున నిలిచియుండును. దాని కొనపై కుంకుమ రంగు ముద్ద యొకటి కిరీటమువలె కూర్చుండును. కొన్నిటికి పసుపు రంగు, కొన్నిటికి నారింజ రంగు కూడ ఉండును. అమ్మువారు దానిని ‘మూన్ కాక్టస్’ అని పిలుతురు. చాలమంది ఆ ఎఱ్ఱని ముద్దను పువ్వు అనుకొందురు. అది పువ్వు కాదు. అదియొక సంపూర్ణమైన మొక్క. క్రింది పచ్చని కాండము దాని కాడ కాదు. అది వేరొక జాతికి చెందిన మరియొక మొక్క. కుండీ ఒకటే అయినను కాపురము రెండింటిది.

పైనున్న ఎఱ్ఱనిదాని వంశము జిమ్నోకాలీషియం మిహనోవిచీ అను చిన్న జెముడు. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని పరాగ్వే దేశము. ఆ దేశపు పడమటి భాగమున, పరాగ్వే నదికి ఆవల, గ్రాన్ చాకో అను విశాలమైన మైదానము కలదు. అది బొలీవియా, అర్జెంటీనా దేశములలోనికి కూడ వ్యాపించియున్నది. వేసవిలో అక్కడి వేడిమి 40 డిగ్రీలు దాటును. వర్షము కూడ ఆ వెచ్చని నెలలలోనే కురియును. శీతకాలము పొడిగా గడచును. ఈ మాటకు వచ్చినచో మన తెలుగు నేల వాతావరణము దానికి మిక్కిలి దూరము కాదు. అక్కడ వేసవి డిసెంబరులో వచ్చుటయే భేదము. ఆ నేలపై ముండ్ల పొదలును, క్వెబ్రాచో అను గట్టి చెట్లును పెరుగును. గొడ్డలిని విరుగగొట్టునది అని స్పానిష్ భాషలో ఆ చెట్టు పేరునకు అర్థము. 1932 నుండి 1935 వరకు పరాగ్వే, బొలీవియాలు ఈ మైదానము కొరకే ఘోరమైన యుద్ధము చేసినవి. ఇటీవలి దశాబ్దములలో పశువుల మేతభూముల కొరకు అక్కడి అడవి అతివేగముగా నరకబడుచున్నది.

అటువంటి చోట, ముండ్ల పొదల నీడలో, రాలిన ఆకుల నడుమ మన చిన్న జెముడు కూర్చుండును. అక్కడ అది ఎఱ్ఱగా ఉండదు. బూడిద కలిసిన ఆకుపచ్చతోనో, కొంచెము గోధుమ వన్నెతోనో, కొంచెము అణగిన బంతివలె ఉండును. అడ్డుకొలత నాలుగైదు సెంటీమీటర్లకు మించుట అరుదు. సాధారణముగా ఎనిమిది కణతలు ఉండును. ఆ కణతలపై అడ్డముగా లేత, ముదురు చారలు తీర్చినట్లుండును. దూరము నుండి చూచువారికి అది మొక్కగా తోచదు, మట్టిగడ్డగా తోచును. పువ్వు కూడ ఆడంబరము లేనిదే. పసుపు కలిసిన లేత ఆకుపచ్చ రంగు. మొగ్గపై నూగు గాని ముండ్లు గాని ఉండవు. నగ్నమైన మొగ్గ కలది అను అర్థముతోనే జిమ్నోకాలీషియం అను ప్రజాతి నామము గ్రీకు మాటల నుండి ఏర్పడినది.

ఈ మొక్కను శాస్త్రలోకమునకు పరిచయము చేసినవాడు ఆల్బెర్టో వొయ్‌తెక్ ఫ్రిచ్ అను చెక్ దేశీయుడు. ఆయన 1882లో ప్రేగు నగరమున జన్మించెను. బాల్యము నుండి జెముడు మొక్కలపై మక్కువతో పెద్ద సేకరణ కూర్చుకొనెను. ఒక శీతకాలమున మంచు కాటుకు ఆ సేకరణ నాశనమయ్యెను. ఇంకొకరైనచో అంతటితో ఆశ విడిచియుందురు. ఫ్రిచ్ మాత్రము ఆ మొక్కలు పుట్టిన చోటికే పోవలెనని నిశ్చయించుకొని, ఇరువది ఏండ్లు నిండకమునుపే, 1901లో దక్షిణ అమెరికాకు పయనమయ్యెను. ఆ తరువాతి యాత్రలో పరాగ్వేలో ఆయనకు ఈ చారల జెముడు దొరకెను. దాల్మేషియా తీరమున పుట్టి, నావికుడుగా దక్షిణ అమెరికా చేరి, నదీనౌకల వ్యాపారమున గొప్ప ధనవంతుడైన నికొలాస్ మిహనోవిచ్ పేరు దానికి పెట్టబడెను. 1905లో గ్యూర్కె అను జర్మను శాస్త్రజ్ఞుడు దాని వర్ణనను ప్రకటించెను. 1922లో అమెరికా శాస్త్రజ్ఞులైన బ్రిట్టన్, రోజ్ అనువారు దానిని నేటి ప్రజాతిలో చేర్చిరి. పోగొట్టుకొన్న మొక్కల కొరకు సముద్రము దాటిన యువకుని వృత్తాంతము చదివినపుడు మాకు ఉత్సాహము కలిగినది. ఆ వృత్తాంతము మాకు త్వరలోనే సిగ్గు కూడ కలిగించునని ఎరుగము.

పచ్చని ఈ మొక్కకు ఎఱ్ఱని రూపమెట్లు వచ్చినది? ఆ కథ జపానులో జరిగినది. 1941లో వతనబె అను తోటకారుడు నారు పోసిన వేలకొలది విత్తనములలో ఒకటి రెండు మొలకలు ఎఱ్ఱగా మొలిచినవి. అట్టి మొలకలు ప్రకృతిలో బ్రతుకవు. వానిలో పత్రహరితము ఉండదు. పత్రహరితము లేనిదే సూర్యకాంతి నుండి ఆహారము తయారుకాదు. విత్తనములోని నిలువ ఆహారము తీరిన కొలది దినములలోనే అవి వాడి రాలిపోవును. వతనబె వానిని రాలిపోనీయలేదు. ఆహారము తయారుచేసుకొనగల మరియొక పచ్చని జెముడుపై వానిని అంటుకట్టెను. అవి బ్రతికినవి, పిల్లలు వేసినవి. ఎఱ్ఱని పియోనీ పువ్వు అను అర్థము వచ్చునట్లు జపానువారు ఆ రకమునకు ‘హిబోతన్’ అని పేరు పెట్టిరి. ఈ ఎఱ్ఱనివాని పూర్వికుడు మిహనోవిచీయే అని కొందరును, దానికి అతి సమీప బంధువైన ఫ్రీడ్రిఖీ అని కొందరును చెప్పుదురు. నేడు ఇట్టి అంటుమొక్కలను దక్షిణ కొరియా లక్షల సంఖ్యలో పెంచి పలు దేశములకు పంపుచున్నది.

ఆ ఎరుపు మనకు క్రొత్తది కాదని కూడ మేము తెలిసికొంటిమి. పత్రహరితము ఉన్నచోట అది మరుగున పడియుండును. పత్రహరితము తొలగగానే బయటపడును. దానిని బీటాలైను వర్ణకములు అందురు. బీటు దుంపను కోసినపుడు వ్రేళ్ళకు అంటునది ఆ జాతి రంగే. మన ఎఱ్ఱ తోటకూరలోను, కాగితపు పూలలోను ఉన్నది ఆ జాతి రంగే. చిన్ననాడు మనము బచ్చలిపండ్లు చిదిపి సిరా అని చేతులకు పూసికొన్నదియు ఆ జాతి రంగే. పరాగ్వే జెముడునకును మన పెరటి బచ్చలికిని ఇట్టి చుట్టరికము ఉండునని మేము ఊహించియుండలేదు.

ఇక క్రింది మొక్క మాట. దానిని హైలోసీరియస్ అందురు. మధ్య అమెరికా ప్రాంతపు అడవులలో చెట్లకు ప్రాకు తీగ జెముడు అది. మన రైతులు ఇటీవలి కాలమున సిమెంటు స్తంభములకు ప్రాకించి పెంచుచున్న డ్రాగన్ ఫ్రూట్ మొక్క ఆ కుటుంబముదే. ఇతర జెముళ్ళవలెనే అది పగటి యెండలో తన రంధ్రములను మూసికొని, రాత్రి చల్లబడిన తరువాత తెరచి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును లోనికి తీసికొని నిలువచేసికొనును. తెల్లవారి ఎండ తగిలినపుడు దాని నుండి చక్కెర తయారుచేయును. ఆ చక్కెరయే అతుకు గుండ పైకి ప్రాకి ఎఱ్ఱనిదానికి అన్నమగును. పైదానికి నీరు త్రాగు వేరు లేదు, వంట చేయు పత్రహరితము లేదు. సమస్తమును క్రిందిదే చేయును. చూచువారి కన్ను మాత్రము పైదానిపైననే నిలుచును.

మా కన్నులు కూడ అట్లే నిలిచినవి. మేము ఆ కుండీని వరండా గట్టుపై, వచ్చిపోవువారికి కనబడునట్లు పెట్టితిమి. అధ్యాపకులు మెచ్చుకొనిరి. ఇతర శాఖల మిత్రులు చూడవచ్చిరి. మాలో ఒకరు దానికి ‘రాణి’ అని పేరు వ్రాసి చీటీ కూడ అంటించిరి. ఆషాఢము గడచినది, వానలు పట్టినవి. మా శ్రద్ధ కూడ అధికమైనది. ఒకరు ఉదయము తరగతికి ముందు నీరు పోయుచుండిరి. ఇంకొకరు మధ్యాహ్నము ప్రయోగశాల నుండి పోవుచు పోయుచుండిరి. మూడవవారు సాయంకాలము, మిగిలిన ఇద్దరును మరచియుందురేమో అను దయతో పోయుచుండిరి. ముగ్గురము ఒకరితో ఒకరము చెప్పుకొనలేదు. ఇది గాక గట్టుపై వానజల్లు ఎటులను పడుచుండెను.

మూడు వారములు గడచినను ‘రాణి’ ముఖమున ఏ మార్పును లేదు. ఎరుపు ఇసుమంతయు తగ్గలేదు. ప్రక్కల నుండి రేగిపండంత పిల్లలు రెండు కూడ వచ్చియుండుటచేత, మా సేవ ఫలించినదని సంతోషించితిమి. ఒక సోమవారము ఉదయము కుండీ జరుపబోయి కాండమును పట్టుకొనగా, వ్రేళ్ళు దానిలోనికి దిగినవి. మట్టికి ఆనుకొన్న భాగమంతయు పసుపుబారి, మెత్తబడి, దుర్వాసన వేయుచుండెను. లోపల గట్టి ఈనె ఒక్కటియే నిలిచియున్నది. పైన ఎఱ్ఱనిది మాత్రము నిన్నటివలెనే మెరయుచుండెను.

ఆ దినము మేము తరగతులలో కూర్చుంటిమే కాని పాఠము వినలేదు. క్రొత్త మొక్క నర్సరీలో సులభముగా దొరకును, అదే కుండీలో పెట్టినచో ఎవరికిని తెలియదు, అని మాలో ఒకరు సూచించిరి. ఆ సూచనకు మిగిలిన ఇద్దరము వెంటనే కాదనలేదు. ఈ మాట వ్రాయుటకు సిగ్గుపడుచున్నాము. అయినను నిజము వ్రాయకున్నచో ఈ వ్యాసమునకు అర్థము లేదు. సాయంకాలము వరకు ఆ తలంపు మా నడుమ తిరిగినది. చివరకు కుండీని సంచిలో పెట్టుకొని చాచా ఇంటికి పోయితిమి.

ఆయన అసరు నమాజు ముగించుకొని వచ్చి అరుగుపై కూర్చుండెను. సంచి విప్పినపుడు మేము తల ఎత్తలేదు. ఆయన ఎఱ్ఱనిదానివైపు చూడనైన చూడలేదు. బొటనవ్రేలితో కాండమును క్రింది నుండి పైకి అంగుళమంగుళముగా నొక్కి చూచెను.

“ఎన్నిసార్లు పోశారు?”

చెప్పితిమి.

“ముగ్గురూ పోశారు. ఒక్కరూ అడగలేదు” అనెను. ఆ కంఠమున కోపము లేదు. కోపము ఉన్నచో మాకు సుఖముగా ఉండెడిది. “మీరు ఎర్రదాన్ని చూస్తున్నారు బేటా. అది చివరిదాకా నవ్వుతూనే ఉంటుంది. కింద కుళ్ళిన సంగతి దానికి ఆఖరున తెలుస్తుంది. అడగాల్సింది కిందదాన్ని. మట్టిలో వేలు పెట్టాలి, కాండం నొక్కాలి. గట్టిగా ఉంటే సరే, మట్టి లోపలిదాకా ఎండితేనే నీళ్ళు. నేను రోజూ చేసింది అంతే.”

అప్పుడు గాని ‘మొక్కనే అడగండి’ అను మాటకు అర్థము మాకు తెలియలేదు.

పాత కాండమును రక్షించుటకు వీలులేదు. క్రొత్త కాండము కావలెను. మాలో ఒకరి మేనమామ డ్రాగన్ ఫ్రూట్ తోట వేసియుండుట అదృష్టమైనది. మరునాడే అక్కడి నుండి ఆరోగ్యమైన మూడు ముక్కలు తెచ్చితిమి. కోసిన ముక్కలు వేరు పట్టుటకు వారములు పట్టునని, అంతవరకు ఎఱ్ఱనిది ఆగదని చాచా చెప్పి, తన పెరటిలో లోగడనే నాటియుంచిన మూడు కుండీలను చూపెను. మేము తెచ్చినవానిని వాని స్థానమున నాటుమనెను. ఎందుకైనను మంచిదని ఆయన ఏటేట మూడు వేరుపట్టిన కాండములను సిద్ధముగా ఉంచుకొనుచుండెనట. ఇన్నేండ్లలో ప్రయోగశాల కిటికీలోని మొక్క ఎన్ని మారులు క్రింది కాండమును మార్చుకొనెనో మాలో ఎవరికిని తెలియదు. ఈ అంటు శాశ్వతమైనది కాదు. పైదాని పెరుగుదల, క్రిందిదాని పెరుగుదల సమానముగా ఉండవు. కొన్ని ఏండ్లకు అతుకు బలహీనమగును. కిటికీలో మొక్క ఎప్పుడును నిండుగా ఉండుటచేత అది ఒకే మొక్క అని అందరమును అనుకొంటిమి.

వాన తెరపి ఇచ్చువరకు ఆగవలెనని, తేమలో కోసినచో గాయము కుళ్ళునని ఆయన నాలుగు దినములు ఆపెను. ఎఱ్ఱనిదానిని కుళ్ళిన కాండము నుండి వేరుచేసి కాగితముపై నీడలో ఉంచెను. అయిదవ దినము ఎండ కాసినది. ఆయన చెప్పుచుండగా మేము చేసిన విధానమును, చేయదలచువారికి ఉపయోగపడునని ఇచట వ్రాయుచున్నాము.

క్రొత్త బ్లేడును స్పిరిట్‌తో తుడిచితిమి. పచ్చని కాండపు కొనను ఒకే వేటున అడ్డముగా, చదునుగా కోసితిమి. మూడు అంచులను ఏటవాలుగా చెక్కితిమి. కోసిన కండ ఆరినపుడు లోనికి కుదించుకొనును, అంచు మాత్రము పైకి నిలిచి పైముక్కను ఎత్తివేయును, అందుచేత చెక్కవలెను. కోతలో నడుమ ఒక చిన్న వలయము కనబడును. నీరును ఆహారమును ప్రవహించు నాళముల వలయము అది. ఎఱ్ఱనిదాని అడుగును కూడ చదునుగా కోసినచో అచ్చటను అట్టి వలయమే కనబడును. ఈ రెండు వలయములు కొంతయైనను ఒకదానిపై నొకటి పడవలెను. పడనిచో ఎంత గట్టిగా కట్టినను అతుకు పట్టదు. ఒకదానికంటె ఒకటి చిన్నదైనచో నడుమ పెట్టక కొంచెము ప్రక్కకు జరిపి, వలయములు ఖండించుకొనునట్లు పెట్టవలెను. నడుమ గాలి బుడగ నిలువకుండ మెల్లగా త్రిప్పుచు అదిమి, కుండీ అడుగు నుండి పైకి రబ్బరు బ్యాండులు రెండు అడ్డముగా వేసి బిగించితిమి. వారము పది దినములు నీడలో ఉంచి, కోతపై నీటి చుక్క పడకుండ చూచి, తరువాత బ్యాండులు తీయవలెను.

పెద్ద ముద్దను కోసినపుడు చాచా మమ్ము ఆగుమనెను. వలయములో ఒకచోట గోధుమ రంగు చుక్క కనబడినది. ఇంకొక పొర కోసితిమి, చుక్క ఇంకను ఉన్నది. మరియొక పొర కోసితిమి, ఉన్నది. కుళ్ళు పైవరకు ఎక్కియున్నదని అర్థమైనది. ఆయన ఏమియు అనక దానిని కూడ ఒక కాండముపై కట్టించెను. రెండు పిల్లలను మిగిలిన రెండు కాండములపై కట్టితిమి. తొమ్మిదవ దినమున బ్యాండులు తీసినపుడు పెద్ద ముద్ద చేతిలోనికి ఊడివచ్చినది. రెండవ వారములో ఒక పిల్ల ముడతలు పడి ఎండిపోయినది. మూడవది నిలిచినది. ఈ వ్యాసము వ్రాయునాటికి అది చిన్న ఉసిరికాయంత ఉన్నది.

తరువాత ఒక మొక్కల ప్రియుని వద్ద నుండి, ఎవరిపైనను ఆధారపడక తన వేళ్ళపైన తాను బ్రతుకు పచ్చని మిహనోవిచీ మొక్కలు రెండు సంపాదించితిమి. ఎఱ్ఱనిదాని ప్రక్క వానిని ఉంచినచో ఎవరును వానివైపు చూడరు. అయినను చారల అందము దగ్గరగా చూచినవారికి తెలియును. వానికి ముతక నది ఇసుక, చిదిపిన ఇటుక ముక్కలు, కొంచెము ఆకుల ఎరువు కలిపిన మట్టి సరిపోవును. కుండీకి అడుగున రంధ్రము తప్పక ఉండవలెను. పొదల నీడలో పుట్టినది కనుక ఉదయపు ఎండ చాలును. మన వైశాఖ మాసపు మిట్టమధ్యాహ్నపు ఎండ దానిని మాడ్చును. ఎఱ్ఱనిదానిని అంతకంటెను త్వరగా మాడ్చును. వెచ్చని నెలలలో మట్టి పూర్తిగా ఎండిన తరువాత నిండుగా నీరు పోసి, మరల ఎండువరకు ఊరకుండవలెను. చలికాలమున పచ్చనిదానికి నీరు దాదాపు మానవచ్చును. అంటుమొక్కకు మాత్రము క్రింది హైలోసీరియస్ తేమ అడవుల బిడ్డ యగుటచేత అప్పుడప్పుడు కొంచెము ఇయ్యవలెను. 10 డిగ్రీలకు తగ్గు రాత్రులలో దానిని ఇంటిలోనికి తీసికొనవలెను. పైనున్నదాని స్వభావమును మాత్రమే తెలిసికొని పెంచినచో అంటుమొక్క బ్రతుకదు.

అడవి జెముళ్ళను కొల్లగొట్టకుండుటకై 1973లో వాషింగ్టనులో సంతకమైన అంతర్జాతీయ ఒడంబడిక క్రింద దాదాపు జెముడు కుటుంబమంతయు రక్షణ పొందుచున్నది. కాని కృత్రిమముగా పెంచిన మిహనోవిచీ రంగు రకములకు ఆ నియమములు వర్తింపవని ఆ పట్టికలోనే మినహాయింపు కలదు. ఆ రంగు రకములను అడవి నుండి ఎవరును దొంగిలింపలేరు. అవి అడవిలో ఉండవు. మనిషి చేయి, పచ్చని కాండము అను రెండింటి ఆధారమున మాత్రమే అవి ఉన్నవి. చాకో పొదల క్రింద ఉన్న పచ్చనిదానికి మాత్రము ఆ పొదలే ఆధారము. అవి నరకబడుచున్నవి.

ఈ సంచికలోనే శ్రేణులు సాధించిన విద్యార్థుల ఛాయాచిత్రములు, పోటీలలో గెలిచిన జట్ల ఛాయాచిత్రములు ఉండును. వానిని చూచి మేమును సంతోషింతుము. ఆ శ్రేణులు సాధించినవారు కోసి చూచిన ప్రతి కాండమును ఉదయము ఏడు గంటలకే తెచ్చి నీటిలో ఉంచినవారు, గాజు పలకలు కడిగి ఆరబెట్టినవారు, ఎండుమొక్కల అట్టలపై రెండు లిపులలోను పేర్లు వ్రాసినవారు ఎవరో అను విషయము ఏ సంచికలోను లేదు. పాత సంచికలను గ్రంథాలయమున వెదకి చూచిన తరువాతనే ఈ మాట వ్రాయుచున్నాము. దీనిని ఫిర్యాదుగా వ్రాయుటలేదు. వరండాపై మొక్కను పెట్టి మూడు వారములు పైభాగమునే చూచినవారము మేమే కనుక, ఇతరులను తప్పుపట్టు అర్హత మాకు లేదు. ఇకమీదట ప్రతి సంచికలోను, పదవీ విరమణ చేసిన బోధనేతర సిబ్బంది పేర్లు, వారు చేసిన పని, వారు చేసిన ఏండ్లు ఒక పుటలో అచ్చువేయుట సముచితమని మాత్రము కళాశాల కమిటీ పెద్దలకు సవినయముగా మనవి చేసికొనుచున్నాము.

ఈ వ్యాసములో తన పేరు వేయుటకు అనుమతి ఇమ్మని చాచాను అడుగుటకు పోయినమాట కూడ చెప్పవలెను. ఆయన చాలసేపు నవ్వెను.

“పేరెందుకు బేటా? కుండీ మీద అంటుకట్టిన తేదీ రాయండి. మళ్ళీ ఎప్పుడు మార్చాలో వచ్చేవాళ్ళకి తెలియాలి కదా” అనెను.

అందుచేత ఆయన పేరు ఇచట వేయలేదు. కమిటీవారు మా మనవిని అంగీకరించినచో, ఆయనను మరల ఒప్పించు భారము మేమే వహింతుము. కుండీపై ‘రాణి’ అను చీటీని తీసివేసి తేదీ వ్రాసితిమి. తోట నుండి తెచ్చిన మూడు ముక్కలు ఇప్పుడు వేరు పట్టి చాచా పెరటి నుండి ప్రయోగశాల కిటికీకి చేరినవి. అవి మూడును ఖాళీగా, ఏ కిరీటమును లేక, పచ్చగా నిలిచియున్నవి. ఈ ఏటితో మేము కళాశాలను విడిచిపోవుచున్నాము. రెండవ సంవత్సరపు మిత్రులకు ఆ నాలుగు కుండీలను అప్పగించుచు, నీరు పోయువారు ఒక్కరే ఉండవలెనని, ఆ ఒక్కరును ముందుగా మట్టిలో వ్రేలు పెట్టి, క్రింది కాండమును నొక్కి చూడవలెనని కోరుచున్నాము. ఎఱ్ఱనిదానిని ఆ తరువాత తీరికగా చూడవచ్చును.